వియ్యపురాలి ఆటపెట్టె

ఆ వీధిలో ఆవిడని అసలు పేరుతో పిలిచే మనిషి లేడు. చిన్నకీ పెద్దకీ గ్యారంటీ అత్తయ్యే. ఎవరింట్లో కొత్త కుర్చీ దిగినా, ఎవరు గొడుగు కొనుక్కొచ్చినా ముందు వెళ్ళి తడిమి చూసి, "ఎన్నాళ్ళు మన్నుతుందన్నారు?" అని అడగందే ఆవిడకి టీ గొంతు దిగేది కాదు. ఒకసారి పక్కింటివాళ్ళు పెళ్ళికొడుకుని చూసి వచ్చి ఫోటో చూపిస్తే అలవాటు కొద్దీ అదే మాట అడిగేసింది. అందరూ పడీపడీ నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వకుండా ఫోటో తిప్పి వెనకవైపు కూడా చూసింది.

అలా అడగడమే ఆవిడ బతుకుతెరువు మరి. ఇంటి సామాన్లు అమ్మే పెద్ద దుకాణంలో, వెనక మెట్ల కింద, చెడిపోయినవి తిరిగి తీసుకునే కౌంటరు ఆవిడది. ముందు తలుపు నుంచి తళతళలాడుతూ వెళ్ళిన వస్తువులన్నీ ఎప్పుడో ఒకప్పుడు వెనక తలుపు నుంచి ముఖం వేలాడేసుకుని ఆవిడ దగ్గరికి రావలసిందే. తిరగని ఫ్యాను, కాలని ఇస్త్రీపెట్టె, అరుపే తప్ప పని లేని మిక్సీ. ఆవిడ దాన్ని రెండు చేతులతో ఎత్తి, ఒకసారి ఊపి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "నీళ్ళు పడ్డాయి" అనో, "కింద పడేశారు" అనో తేల్చేసేది. బుకాయించేవాళ్ళకి కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చాలు. బల్ల మీద రెండు సీళ్ళు ఉండేవి. తప్పు వస్తువుదైతే ఆకుపచ్చ సీలు, దుకాణమే బాగుచేయించి ఇస్తుంది. తప్పు మనిషిదైతే ఎర్ర సీలు, ఎవరి తిప్పలు వాళ్ళవి. ఆ రెండూ ఆవిడ తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. వెనక బల్ల దగ్గర కూర్చుని వస్తువుల పొట్టలు విప్పే మెకానిక్ ఒకడున్నాడు. తల మీద వెంట్రుక మిగలకపోవడంతో ఊరందరికీ స్క్రూ బాబాయి. నిజానికి ఆవిడ కంటే చిన్నవాడు, ఆవిడని అక్కా అనేవాడు.

ఇంట్లోనూ అదే ధ్యాస. కవరు లేని వస్తువు ఆ ఇంట్లో కనబడదు. టీవీకి కుచ్చుల కవరు, రిమోటుకి ప్లాస్టిక్ తొడుగు, కుట్టుమిషనుకి పువ్వుల గుడ్డ, ఆ పువ్వులు మాసిపోకుండా దాని మీద ఇంకో గుడ్డ. "నన్నొక్కణ్ణే వదిలేసింది, నా గ్యారంటీ ఎప్పుడో అయిపోయిందని," అనేవాడు ఆవిడ భర్త, వచ్చినవాళ్ళందరితోనూ.

ఆ ఇంట్లో అన్నిటికంటే మొండిగా మన్నినది ఆటపెట్టె. కొడుకు బడికి వెళ్ళే రోజుల్లో కొన్న వీడియో గేమ్. బూడిద రంగు డబ్బా, పైన క్యాసెట్టు గుచ్చడానికి ఒక నోరు, ముందు నుంచి రెండు తీగలు, తీగల చివర రెండు జాయ్‌స్టిక్‌లు. కొడుకు దాన్ని అల్మరా మీద నుంచి పడేశాడు, దాని మీద టీ ఒలకబోశాడు, లెక్కల పరీక్ష తప్పిన రోజున కాలితో తన్నాడు కూడా. అది చెక్కు చెదరలేదు. కొడుకు పెరిగి, పెళ్ళి చేసుకుని, ఊరికి అటు చివర కాపురం పెట్టాడు. వాడికో కూతురు పుట్టింది. ఒక్క క్షణం ఒకచోట నిలవదని ఆ పిల్లని అందరూ పిచ్చుక అనేవాళ్ళు. కొడుకూ కోడలూ శనివారాలు కూడా పనికి వెళ్ళేవాళ్ళు, గ్యారంటీ అత్తయ్యకి సెలవు శనివారమే. ఎవరూ కూర్చుని ఒప్పందం చేసుకున్నది కాదు గానీ శనివారాలు నాన్నమ్మవి అయిపోయాయి.

వారమంతా ఆవిడ బతికేది ఆ ఒక్క రోజు కోసమే. పిచ్చుక చెప్పులు విప్పుతూనే టీవీ ముందు చతికిలబడేది. నాన్నమ్మ ఆటపెట్టె మీద కవరు తీసి మడతపెట్టి, క్యాసెట్టు అడుగున ఉన్న రాగి పళ్ళని పొడిగుడ్డతో తుడిచి ఇచ్చేది. "ఊదకే, నోటి తడి తగిలితే లోపల చిలుం పడుతుంది," అని ప్రతిసారీ చెప్పేది. పిచ్చుక ప్రతిసారీ ఊదేది. కోటలో తాళంచెవులు వెతుక్కుంటూ పైఅంతస్తుకి ఎక్కే ఆట అది. ఒక అంతస్తు దాటడానికి ఒక్కోసారి రెండు మూడు శనివారాలు పట్టేది. ఎక్కడ ఆపిందో అక్కడిదాకా ఆటని పిచ్చుక పేరున దాచి ఉంచేది పెట్టె. వర్షాకాలంలో మొదలుపెట్టిన ఆట ఎండలు ముదిరేసరికి ఆఖరి అంతస్తుకి చేరింది. పిల్ల ఒళ్ళో జాయ్‌స్టిక్, పిల్ల వీపు నాన్నమ్మ మోకాలికి ఆనుకుని. ఇంకేం కావాలి మనిషికి.

ఆ తర్వాతి శనివారం పెట్టె వెలిగింది, పాట వచ్చింది, కోట కనబడింది. పిచ్చుక పేరు ఉండవలసిన చోట మాత్రం ఖాళీ. కొత్త ఆట మొదలుపెట్టమని అడుగుతోంది.

పిచ్చుక తీసి పెట్టింది, తుడిచి పెట్టింది, ఊది పెట్టింది. ఆఖరికి తెర వైపే చూస్తూ చిన్న గొంతుతో అంది. "నాన్నమ్మా, ఇది నన్ను మర్చిపోయింది."

"మర్చిపోవడమేమిటే, బంగారంలా పని చేస్తోంటే. చూడు, రంగు కూడా వెలవలేదు."

"పని చేస్తే ఏం లాభం? మళ్ళీ మొదటి నుంచీ ఎక్కాలి."

సోమవారం స్క్రూ బాబాయి ఆ క్యాసెట్టు విప్పి చూపించాడు. లోపల గుండీ అంత బ్యాటరీ. "గుర్తుపెట్టుకునేది ఇదక్కా. ఇది చచ్చిపోయింది. కొత్తది వేస్తాను గానీ పోయిన ఆట మాత్రం రాదు. మన్నిక వేరు, నమ్మకం వేరు. నీ పెట్టెకి మన్నిక ఉంది."

"నమ్మకం లేదంటావు."

"నేననలేదు, నీ మనవరాలంది."

ఆ వారం గడవక ముందే కోడలు ఫోను చేసింది. ఆ పిల్లది మెత్తటి మాట, అడగడానికి వచ్చినట్టే ఉంటుంది, చెప్పేసి వెళ్ళిపోతుంది. "అత్తయ్యా, ఈ శనివారం పిచ్చుక మా అమ్మ దగ్గరికి వెళ్తానంటోంది. అమ్మ కొత్త వీడియో గేమ్ కొందట. పాపం, ఆట పోయిందని పిల్ల ఒకటే ఏడుపు కదా. మీకూ కాస్త విశ్రాంతి."

"వెళ్ళనీ అమ్మా, దానిదేముంది," అంది గ్యారంటీ అత్తయ్య. ఫోను పెట్టేసి, ఆ శనివారమంతా ఇంట్లో ఉన్న కవర్లన్నీ తీసి ఉతికింది. అవి ఆ ముందు వారమే ఉతికినవి.

వియ్యపురాలు మందుల షాపులో పనిచేసేది, ఆవిడకీ సెలవు శనివారమే. సన్నటి మనిషి, సన్నటి గొంతు, మాత్రలు విడదీసి పొట్లాలు కట్టే చురుకైన వేళ్ళు. ఎవరినీ పల్లెత్తు మాట అనదు. అనకపోవడమే గ్యారంటీ అత్తయ్యకి ఒంటికి పడేది కాదు. తగువు పెట్టుకుందామన్నా పట్టు దొరకని మనిషితో వియ్యమందడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. పెళ్ళిలో కూడా ఆవిడ ఒక్క పేచీ పెట్టలేదు, వీళ్ళు సిద్ధం చేసి ఉంచుకున్న జవాబులన్నీ వృథా అయిపోయాయి.

ఒక శనివారం పోయింది. రెండోదీ పోయింది. మూడో దాని నాటికి ఆవిడ కడుపులో కుంపటి బాగా రాజుకుంది. కౌంటరుకి ఎవరు ఆటపెట్టె పట్టుకొచ్చినా సరే, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే.

"ఏం బాబూ, ఇదెలా పోయింది?"

"డిస్కు చదవడం లేదు ఆంటీ."

"చదవదూ మరి. లోపల లెన్సు ఉంటుందిగా, అరిగిపోతుంది. క్యాసెట్టుదయితే అరిగేదే లేదు. ఆ జాయ్‌స్టిక్ ఏమిటి, నువ్వు ముట్టుకోకుండానే బొమ్మ నడిచిపోతోంది?"

"అది అంతే ఆంటీ, పుల్ల కింద అరిగితే దానంతట అదే పక్కకి లాగుతుంది."

"దానంతట అదే," అని స్క్రూ బాబాయి వైపు తిరిగేది, కోర్టులో సాక్ష్యం దొరికినట్టు. "విన్నావా? కొత్త పెట్టెలకి చెప్పకుండానే కాళ్ళొస్తాయట."

స్క్రూ బాబాయి పని ఆపకుండానే అనేవాడు. "అక్కా, నీ పాతది ఒక్క పనే చేస్తుంది, అందుకని చెడదు. కొత్తది సవా లక్ష పనులు చేస్తుంది, ఎక్కడో ఒకచోట మూలుగుతుంది. ఫ్యాను ఉంది, వేడి ఉంది, డిస్కు తిరగాలి. కానీ చూసుకుని వాడుకుంటే అదీ ఏళ్ళ తరబడి ఉంటుంది. దానికి గాలి కావాలంతే. ముందు నుంచి పీల్చి వెనక నుంచి వదులుతుంది. ఆ వెనక మూతపడిందా, ఉడికి చస్తుంది."

"వెనక నుంచా?"

"వెనక నుంచే."

ఎందుకడిగిందో ఆవిడకే తెలియదు. అడగడం అలవాటు కదా, అడిగింది.

నాలుగో శనివారం ఇక ఉండబట్టలేక, చేతిసంచిలో బిస్కెట్ల పొట్లం వేసుకుని, బస్సెక్కి వియ్యపురాలింటికి వెళ్ళింది. మూడో అంతస్తు. మెట్ల మీదికే నవ్వులు వినబడుతున్నాయి. పిచ్చుక నవ్వు సరే, రెండోది ఎవరిదా అని చెవులు రిక్కించింది. వియ్యపురాలిది. ఆ మనిషికి అంత నవ్వు ఉందని అప్పటిదాకా తెలియదు.

లోపల టీవీ కింద నల్లటి పెట్టె, లావుపాటి పుస్తకమంత, మెత్తగా ఊపిరి తీస్తోంది. అమ్మమ్మా మనవరాలూ సోఫాలో పక్కపక్కన, చెరో జాయ్‌స్టిక్. తెర మీద ఇద్దరు తోటమాలులు మొక్కలు నాటుతున్నారు. పిచ్చుక తల అమ్మమ్మ భుజం మీద ఆనించి ఉంది. గ్యారంటీ అత్తయ్య చూపు ఆ భుజం మీదే ఆగిపోయింది.

"రండి రండి వదినగారూ. ఒక్క నిమిషం, ఈ మొక్కకి నీళ్ళు పెట్టకపోతే వాడిపోతుంది," అంది వియ్యపురాలు తెర మీద నుంచి కళ్ళు తీయకుండా.

"కానివ్వండి వదినగారూ, నాకేం తొందర. ఊరికే చూసి పోదామని వచ్చాను."

"నాన్నమ్మా, దీన్లో మన తోట ఎప్పటికీ పోదు తెలుసా. పెట్టె పగిలిపోయినా పోదు. ఎక్కడో దూరంగా కూడా దాచిపెడుతుంది," అంది పిచ్చుక.

"అలాగా తల్లీ." పెట్టె దగ్గరికి వంగి, పక్కల నుంచి చూసి, మీద చెయ్యి వేసి వేడి చూసింది. "వేడెక్కుతోందే. వీటికి లెన్సు కూడా అరిగిపోతుందట వదినగారూ. మా కౌంటరుకి వారానికోటి వస్తుంది. వచ్చినవి వచ్చినట్టే మూలన పడుంటాయి."

"అరిగితే మీరున్నారుగా వదినగారూ. మీరు ఉన్నారన్న ధైర్యంతోనే మీ దుకాణంలో కొన్నాను."

ఇదీ ఆవిడతో వచ్చిన చిక్కు. ఎక్కడ గుచ్చుదామన్నా దూదే తగులుతుంది.

"దుమ్ము పడుతోంది చూశారా. ఇంత పెట్టి కొని బోసిగా వదిలేశారేమిటి? నేనో కవరు కుట్టి పంపుతాను," అంది గ్యారంటీ అత్తయ్య.

వియ్యపురాలి ముఖం విప్పారింది. "మీ చేత్తోనా? మీకెందుకండీ శ్రమ."

"శ్రమేముంది. మన పిల్ల ఆడుకునేదేగా."

అలా కుట్టింది. అంతకు ముందు ఎన్నో కవర్లు కుట్టింది గానీ ఇంత శ్రద్ధ దేనికీ పెట్టలేదు. నీలం రంగు మందపాటి గుడ్డ, లోపల దూది అస్తరు, మీద దారంతో పిచ్చుక బొమ్మ. ప్రతిసారీ తీసి పెట్టే పని లేకుండా ముందువైపు డిస్కు దూరేందుకు చీలిక పెట్టింది, బటన్ల దగ్గర కిటికీ పెట్టింది, తీగలకి కాజాలు కుట్టింది. వెనకవైపుకి వచ్చేసరికి కత్తెర ఆగింది. దుమ్ము ఎక్కువగా చేరేది వెనకవైపే కదా అనుకుంది. అనుకుని, ఆ వైపు రెండు మడతలు వేసి గట్టిగా కుట్టేసింది.

భర్త పేపరు కిందికి దించి చూశాడు. "వియ్యపురాలంటే ఇంత ప్రేమ ఎప్పట్నించే?"

"మీకన్నీ ఎగతాళే," అంది ఆవిడ, దారం పంటితో తెంపుతూ.

కవరు వెళ్ళింది. వియ్యపురాలు ఫోను చేసి, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తున్నానని పదేపదే చెప్పింది. ఆడేటప్పుడు కూడా తీయబుద్ధి కావడం లేదట, అంత చక్కగా అమరిందట. "మీకు పని తెలుసు వదినగారూ, అసలు తీసే అవసరమే రాకుండా కుట్టారు." గ్యారంటీ అత్తయ్య ఆ మాట విని, "ఆ, అందుకే అలా కుట్టాను," అంది. అప్పుడయినా వెనకవైపు విప్పమని చెప్పవచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. ఫోనులో వెనక నుంచి పిచ్చుక "అమ్మమ్మా త్వరగా రా" అని పిలిచింది. ఆ పిలుపుతో నాలుక మీదున్న మాట తిరిగి లోపలికి పోయింది.

ఎండలు మండిపోతున్న రోజులు. ఆటపెట్టె మొదట గట్టిగా రొద పెట్టిందట. తర్వాత ఆట మధ్యలో ఆగిపోవడం మొదలెట్టిందట. ఒక శనివారం పొద్దున ఆగింది మళ్ళీ లేవలేదట. ఇదంతా కోడలు చెప్పింది, చెప్పి, "పిచ్చుకని మీ దగ్గర దింపమంటారా అత్తయ్యా?" అంది.

దింపమనక ఏమంటుంది. ఆ రోజు కోసమే కదా ఇంత తాపత్రయం. పాత పెట్టె కవరు తీసింది, స్క్రూ బాబాయి కొత్త బ్యాటరీ వేసిన క్యాసెట్టు తుడిచింది. పిచ్చుక వచ్చింది, కూర్చుంది, కోట ఎక్కింది. ఊదడం కూడా మర్చిపోయింది. మోకాలికి వీపు ఆనించలేదు.

"ఏమే, అలా ఉన్నావు?"

"అమ్మమ్మ ఏడ్చింది నాన్నమ్మా. తన వల్లే పాడైందని. ఎక్కువసేపు ఆడనిచ్చానని. అక్కడి తాతయ్య పోయినప్పుడు కూడా నా ముందు ఏడవలేదు." జాయ్‌స్టిక్ కింద పెట్టి అడిగింది. "పెట్టె కోసం అంత ఏడుస్తారా?"

పెట్టె కోసం కాదని గ్యారంటీ అత్తయ్యకి తెలుసు. ఖాళీ శనివారం ఎంత పొడుగుంటుందో ఆవిడ కంటే ఎవరికి తెలుసు. తనకైనా పేపరు చదివే మొగుడున్నాడు, ఎగతాళి చేసేందుకు. వియ్యపురాలికి ఆ మూడో అంతస్తులో ఆ పెట్టె ఊపిరి తప్ప ఇంకో చప్పుడు లేదు. ఇవన్నీ తెలిసి కూడా, కోరుకున్న పిల్ల పక్కనే కూర్చుని ఉన్నా, ఆవిడకి ఒళ్ళు మండుతూనే ఉంది. దూరాన ఉండి ఏడ్చి కూడా వియ్యపురాలే పిల్ల మనసు లాక్కుంటోంది.

సోమవారం వియ్యపురాలే స్వయంగా కౌంటరుకి వచ్చింది. తువ్వాలులో చుట్టిన పెట్టెని పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చింది. కవరు లేదు. గ్యారంటీ అత్తయ్య ఎత్తి ఊపింది, వాసన చూసింది. కాలిన వాసన, దాని వెనకే దూది వాసన. స్క్రూ బాబాయి విప్పాడు. ఫ్యాను రెక్కల నిండా నీలం పోగులు, తెల్లటి నూగు.

"అమ్మా, దీనిమీద ఏమైనా కప్పి ఆడారా?" అన్నాడు.

వియ్యపురాలు తడుముకోలేదు. "లేదు బాబూ. తలుపులున్న అల్మరాలో పెట్టాను, తలుపు వేసే ఆడాం. నాదే తెలివితక్కువతనం." ఆ మాట అని, కౌంటరు మీదుగా వంగి, గ్యారంటీ అత్తయ్యకి మాత్రమే వినబడేట్టు అంది. "మీ కవరు సంగతి ఇక్కడ ఎత్తకండి వదినగారూ. మీరు పని చేసే చోటు. పదిమందిలో మీకు మాట రాకూడదు."

స్క్రూ బాబాయి పెట్టె పక్కన పెట్టి, "అల్మరా అయితే వాడకంలో తప్పే అక్కా. సీలు వేసెయ్," అన్నాడు.

ఎర్ర సీలు చేతిలోకి తీసుకుంది. సీలు పడితే ఆ తప్పు వియ్యపురాలి పేరున పడుతుంది. పెట్టె మూలన పడుతుంది. శనివారాలు తనవవుతాయి. అడిగేవాళ్ళు లేరు. ఎదురుగా ఉన్న మనిషే ఆ తప్పు నెత్తినేసుకుని, పైపెచ్చు తన పరువు కాపాడుతోంది. అదే గ్యారంటీ అత్తయ్యకి భరించరాకుండా ఉంది. మనవరాలి మనసూ ఆవిడకే, చురుకైన వేళ్ళూ ఆవిడకే, ఆఖరికి మంచితనం కూడా ఆవిడకేనా? తనకేమిటి మిగిలేది, సీలా?

"అల్మరా కాదు. కవరు," అంది గ్యారంటీ అత్తయ్య. "నేను కుట్టిన కవరు. వెనకవైపు గాలి దారి మూసేసి కుట్టాను."

"తెలియక కుట్టావు, పోనీలే అక్కా," అన్నాడు స్క్రూ బాబాయి, సర్దడానికి.

"తెలిసే."

అతను స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. వెనక వరుసలో ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడ్డాయన దగ్గడం మానేశాడు. ఆవిడ ఎర్ర సీలు వేసి, ఆ పక్కన తన పేరు రాసింది. వీధిలో ఎవరూ పిలవని ఆ పేరు. "ఫ్యాను కొత్తది వెయ్యి బాబాయ్. నా తప్పు, నేను వేయిస్తున్నాను. లోపల బోర్డు ఉడికిందేమో చూడు."

వియ్యపురాలు తువ్వాలు మడతపెట్టింది. మడత కుదరలేదని విప్పి మళ్ళీ పెట్టింది. సంచిలో పెట్టుకుని వెనక తలుపు నుంచి వెళ్ళిపోయింది.

పెట్టె బతికింది. బోర్డు ఉడకలేదు, ఫ్యాను మారిస్తే సరిపోయింది. స్క్రూ బాబాయి తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు. "ఏమంది?" అని అడిగింది ఆవిడ. "టీ ఇచ్చింది," అన్నాడు. "టీ సంగతి కాదయ్యా, నా గురించి." "నీ గురించి ఏమీ అనలేదు."

ఆ తర్వాత గ్యారంటీ అత్తయ్య ఫోను మోగితే ఉలిక్కిపడేది. ఇవాళ కొడుకు చేస్తాడు, అమ్మా ఇదేం పని అంటాడు. రేపు కోడలు చేస్తుంది, ఏమీ అనకుండా ఏడుస్తుంది. ఎవరూ చేయలేదు. శనివారాలు పిచ్చుక అక్కడికే వెళ్తోంది, ఫోనులో నాన్నమ్మకి తోట కబుర్లు చెబుతోంది. అంటే వియ్యపురాలు ఎవరికీ చెప్పలేదన్నమాట. నాలుగు తిట్లు తిట్టి ఉంటే పోయేది. ఈ నోరు మెదపకపోవడం చూసి కూడా గ్యారంటీ అత్తయ్యకి కుళ్ళే. తనయితే ఈ పాటికి వీధి వీధంతా చెప్పేసి ఉండేది.

"వెళ్ళి ఒకసారి కనబడి రారాదూ," అన్నాడు భర్త. ఆయనకి సంగతి తెలుసో తెలియదో ఆవిడ అడగలేదు. జీవితంలో అడగకుండా వదిలేసిన ప్రశ్న అదొక్కటే అయ్యుంటుంది.

ఆవిడ వెళ్ళే లోపలే ఫోను వచ్చింది. సన్నటి గొంతు. "వదినగారూ, శనివారం మీరు కూడా రండి. పిచ్చుక కొత్త ఆట తెచ్చింది. ముగ్గురుంటే బాగుంటుందట."

అంతే. కోపం లేదు, దెప్పిపొడుపు లేదు. ఆ శనివారం ఆవిడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఏమంటే ఏమనాలో అన్నీ సిద్ధం చేసుకుంది. తలుపు తీసిన వియ్యపురాలు, "చెప్పులు లోపలే విప్పండి, బయట కుక్క ఎత్తుకుపోతోంది," అంది. సిద్ధం చేసుకున్న జవాబుల్లో దానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు.

సోఫాలో పిచ్చుక మధ్యన, అటొక అమ్మమ్మ, ఇటొక నాన్నమ్మ. కార్ల పందెం. పిచ్చుక పక్కకి తిరిగి, ఈ బటను ముందుకి, ఈ బటను ఆగడానికి అని నాన్నమ్మ వేళ్ళు పట్టుకుని పెట్టింది. ఆ చిన్న చేతుల వెచ్చదనం తగిలేసరికి, బటన్ల సంగతి సగమే తలకెక్కింది.

గ్యారంటీ అత్తయ్యది ఎర్ర కారు. బయలుదేరడమే ఆలస్యం, పక్క నుంచి తెల్లకారు వచ్చి డొక్కలో గుద్దింది. ఎర్ర కారు గడ్డిలో పడింది. ఎలాగో లేచి రోడ్డెక్కిందో లేదో, తెల్లకారు తిరిగొచ్చి మళ్ళీ గుద్దింది. ఈసారి నీళ్ళలో పడింది. వంతెన మీద ఇంకోసారి. మలుపులో మాటు వేసి మరీ ఇంకోసారి.

"ఏమిటే ఇది, ఆ తెల్లకారు పందెం మానేసి నా వెనకే పడింది?"

పిచ్చుక ఆశ్చర్యంగా పక్కకి చూసింది. "అమ్మమ్మదే. కానీ అమ్మమ్మ ఎప్పుడూ ఎవర్నీ గుద్దదు నాన్నమ్మా. దారి ఇచ్చేస్తుంది. అందుకే ఎప్పుడూ ఆఖర్నే వస్తుంది."

వియ్యపురాలు తెర మీద నుంచి కళ్ళు తీయలేదు. మాత్రలు లెక్కపెట్టే ఆ వేళ్ళు బటన్ల మీద చకచకా ఆడుతున్నాయి. "ఇవాళే నేర్చుకుంటున్నాను వదినగారూ," అంది. ఆ సన్నటి గొంతులో మొదటిసారి కాస్త కారం వినబడింది.

గ్యారంటీ అత్తయ్య ప్రాణం హాయిగా కుదుటపడింది. ఇన్ని వారాలుగా ఎదురుచూసిన తిట్లు ఇప్పటికి వచ్చాయి, వచ్చి గడ్డిలోనూ నీళ్ళలోనూ పడేస్తున్నాయి. ఇంకో గుద్దు పడింది. ఎర్ర కారు గాల్లో రెండు పల్టీలు కొట్టి బోర్లా పడింది. పిచ్చుక పొట్ట పట్టుకుని నవ్వుతూ నాన్నమ్మ ఒళ్ళోకి వాలిపోయింది, మళ్ళీ అటు తిరిగి అమ్మమ్మ ఒళ్ళోకి వాలింది. ఏ ఒళ్ళో ఎక్కువసేపు ఉందో గ్యారంటీ అత్తయ్య గమనించకుండా ఉండలేకపోయింది.

తెల్లకారు గీత దాటింది. వియ్యపురాలు మొదటిసారి గెలిచిందట. అంత నేర్పు ఎలా వచ్చిందీ మనిషికి, అదీ ఇంత తొందరగా? గ్యారంటీ అత్తయ్య కళ్ళజోడు పైకి తోసుకుని, సోఫా అంచుకి జరిగి కూర్చుంది.

"ఇంకో ఆట పెట్టవే పిచ్చుకా," అంది. "ఆ తెల్లకారు ఎవరూ తీసుకోకండి, ఈసారి నాకు కావాలి."